భార్య తరఫున జవాబులు

“మా ఆవిడకి అసలు నిద్ర పట్టదండి,” అన్నారు పార్థసారథిగారు, వీడియో కాల్లో తన ముఖం నిండుగా పడేలా ఫోను సర్దుకుంటూ.

మణికొండలోని వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉన్నవన్నీ భర్తల నంబర్లే. నిద్రలేమితో బాధపడే గృహిణులు పరిశోధనకు కావాలని అందులో వచ్చిన ప్రకటన చూసి, భార్య సుబ్బలక్ష్మి పేరు ఆయనే నమోదు చేశారు. ఇన్నాళ్లకు తననొకరు అడగబోతున్నారని ఆవిడ పెందలాడే వంట ముగించి, ఇస్త్రీ చీర కట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది.

“ఆంటీ, నిద్ర రాకుంటే ఏం చేస్తరు?” అడిగింది పరిశోధకురాలు ప్రియదర్శిని.

“ఏముందండీ, ఏదో ఆలోచిస్తూ పడుకుంటుంది,” అన్నారాయన.

“మీకెట్ల తెలుసు అంకుల్? మీరు గూడ మేల్కొనే ఉంటరా?”

“అబ్బే, పడుకుంటే నాకు ఒళ్లు తెలియదండి!”

ఆయన పాండిత్యానికి మెలకువతో పనిలేదని సుబ్బలక్ష్మికి ముప్పై ఏళ్లుగా తెలుసు.

“జర ఆంటీని చెప్పనీయండి. ఆంటీ, మనసుల మాట చెప్పుకుందామంటే ఇంట్ల ఎవరన్న ఉన్నరా?”

“నేనున్నాను కదండీ!”

సుబ్బలక్ష్మి ఆయన చేతిలోని ఫోను నెమ్మదిగా తీసుకుని తనవైపు తిప్పుకుంది.

“ఎవరూ లేరని రాసుకోమ్మా,” అంది. “ఇప్పుడు మొదటి ప్రశ్న మళ్లీ అడుగు.”