యజమాని ఎంగిలి

గిన్నెలో చెంచా ముంచి, నాకి, అదే చెంచా మళ్ళీ ముంచాడు ఫెర్గల్. పొయ్యి పక్కన నిలబడ్డ వంటామె కౌసల్య ముఖం పక్కకు తిప్పుకుంది.

ఫెర్గల్ అంటే అల్లాటప్పా మనిషి కాదు. ఐర్లండ్‌లో ఓ చిన్న కొట్టు పెట్టి, ఫ్రెంచ్ ఫ్రైస్ మీద కర్రీ సాస్ పోసి అమ్ముతూ ముప్ఫై ఒక్క దుకాణాలకు యజమాని అయ్యాడు. జర్మనీలోని కొలోన్‌లో ఈరోజు పదకొండింటికి తెరవబోయేది ముప్ఫై రెండోది. తన నాలుకే తన పెట్టుబడి అని పత్రికల వాళ్ళకు చెబుతుంటాడు. కొత్త దుకాణంలో తొలి గిన్నె సాస్ ఆయన రుచి చూడందే షట్టరు లేవదు. ఉప్పు పిసరంత ఎక్కువైందని డబ్లిన్‌లో ఒక వంటవాణ్ణి ఉన్నపళంగా పంపించేశాడట.

రెండోసారి నాకాక కూడా ఆయన బాగుందనలేదు, బాగాలేదనలేదు. ముఖం చిట్లించి, ఇప్పుడే వస్తానని బయట పత్రికల వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చెంచా గిన్నెలోనే వదిలేశాడు.

కౌసల్య రెండు చేతులా గిన్నె ఎత్తి, సాసంతా సింకులో ఒంపేసింది.

షిఫ్ట్ మేనేజర్ భార్గవ్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఏం జేసినవ్?"

"ఎంగిలి చేశాడు. బయట లైన్లో నిలబడ్డ అంతమందికీ ఎంగిలి కూడు ఎలా పెట్టమంటావు?"

"ఆయన ఓనరక్కా."

"ఓనరైతే మాత్రం, ఎంగిలి కాకుండా పోద్దా?"

"రేపటితోని నీ ప్రోబెట్సైట్, గదే ప్రొబేషన్, అయిపోతది. ఇయ్యాల ఒక్కరోజు కండ్లు మూసుకుంటే నీ జాబ్ పర్మనెంటు. ఇప్పుడొచ్చి సాస్ ఏదంటే ఏం జెప్పాలె?"

అప్పుడు భయం వేసింది కౌసల్యకు. ఈ ఉద్యోగం ఊడితే మళ్ళీ ఎన్ని వంటిళ్ళ గుమ్మాలు ఎక్కి దిగాలో ఆమెకు బాగా తెలుసు. అయినా చేసింది తప్పని మాత్రం అనిపించలేదు. గిన్నె రుద్ది రుద్ది తోమి, నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"ముప్పావుగంట చాలు. అప్పటిదాకా ఆయన్ని మాటల్లో పెట్టు."

భార్గవ్ పెట్టలేకపోయాడు. పది నిమిషాలైనా కాకముందే ఫెర్గల్ తిరిగొచ్చాడు, వెనకాల ఇద్దరు ఫొటోగ్రాఫర్లతో. వస్తూనే గిన్నెలోకి తొంగిచూశాడు. సాస్ పచ్చగా, చిక్కగా ఉడుకుతోంది.

"సర్, ప్లీజ్, ఇది..." అంది కౌసల్య. భార్గవ్ ఆమె కాలు తొక్కాడు.

ఫెర్గల్ చెయ్యి చాచాడు. చేసేది లేక శుభ్రమైన చెంచా ఒకటి అందించింది. ఇక పెట్టేబేడా సర్దుకోవడమే అనుకుంది. కెమెరాలు లేచాయి. ఫెర్గల్ సాస్ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే.

చివరికి కళ్ళు తెరిచి, కెమెరాల వైపు తిరిగి, ఇంగ్లిష్‌లో చెప్పాడు. "ముప్ఫై ఏళ్ళ కిందట నా మొదటి కొట్టులో చేసిన సాస్ అచ్చం ఇదే. ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. ఈమెను ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫెర్గల్ కౌసల్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఆమె ముఖంలోకి చూడకుండానే షట్టరు ఎత్తించడానికి వెళ్ళిపోయాడు.

భార్గవ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించినవక్కా. ఇంత జల్ది ఉప్పు, మసాలా గంత కరెక్ట్‌గ ఎట్ల వేసినవ్?"

కౌసల్య గిన్నె వైపే చూస్తూ గొంతు తగ్గించింది.

"ఇంకా ఏవీ వెయ్యలేదు భార్గవ్. అందులో ఉన్నవి నీళ్ళు, మొక్కజొన్న పిండి, పసుపు."