దుబాసీ చెప్పిన మాట

పెద్ద దేశపు సైన్యం నలభై రోజుల్లో వెళ్లిపోతోందన్న కబురు ఆ సరిహద్దు ఊరికి మోసుకొచ్చింది దుబాసీయే.

పదకొండేళ్లుగా వాళ్ల మాటలు ఊరికీ, ఊరి మాటలు వాళ్లకీ చేరవేస్తున్న పరాయి ఊరి మనిషి.

మున్సిపల్ ఆఫీసు గదిలో సైన్యాధికారి, ఛైర్మన్ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో దుబాసీ.

తమకిక ఈ సరిహద్దు కన్నా సముద్రమే ముఖ్యమని, శిబిరంతో పాటు అందులోని ఆసుపత్రినీ ఎత్తేస్తున్నామని అధికారి చెప్పాడు.

ఛైర్మన్ మొహం జేవురించింది.

"మిమ్మల్ని నమ్ముకుని పక్కదేశంతో పగ పెంచుకున్నాం. ఇప్పుడు నట్టేట ముంచి పోతారా? పొండి. ఆ ఆసుపత్రి కూడా మోసుకుపొండి. మీ దయ మాకక్కర్లేదు."

దుబాసీ గుక్కెడు నీళ్లు తాగాడు. అధికారి వైపు తిరిగి వాళ్ల భాషలో చాలాసేపు, మెల్లగా మాట్లాడాడు.

అధికారి పక్కనున్న సైన్యపు గుమాస్తా అంతా రాసుకున్నాడు. అధికారి లేచి ఛైర్మన్‌కు చెయ్యి అందించాడు.

సైన్యం వెళ్లింది. ఆసుపత్రి మిగిలింది. మంచాలు, యంత్రాలు, రెండేళ్లకు సరిపడా మందులు, పని నేర్పడానికి ఇద్దరు డాక్టర్లు.

ఛైర్మన్ గద్దింపుకు అధికారి జడిశాడని ఊరంతా చెప్పుకుంది. ఛైర్మన్ కాదనలేదు.

దుబాసీకి మాత్రం ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. బడిలో ఆ భాష నేర్పుతానంటే, పోయినవాళ్ల భాష మాకెందుకన్నారు.

చలికాలంలో ఊపిరాడక ఆయన ఆసుపత్రికి వచ్చాడు. శిబిరంలో ఊడిగం చేసినవాళ్ల వంతు చివర్నే అంటూ కాపలావాడు బెంచీ చూపించాడు.

ఆయన వెళ్లి బెంచీ చివర కూర్చున్నాడు. సాయంత్రం లోపలికి పిలిచేసరికి గోడకు ఒరిగిపోయి ఉన్నాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

వేసవిలో శిబిరం గదులు శుభ్రం చేస్తుంటే పాత కాగితాలు దొరికాయి. వాటిలో ఆ రోజు గుమాస్తా రాసుకున్నదీ ఉంది. ఛైర్మన్ కూతురు ఆ ఆసుపత్రిలోనే నర్సు పని నేర్చుకుంది. డాక్టర్ల దగ్గర వాళ్ల భాషా పట్టుబడింది.

"ఆ రోజు నేను దులిపేసింది ఏమని రాసుకున్నారో చదువమ్మా" అన్నాడు ఛైర్మన్.

ఆమె చదివింది.

"'మీ అవసరాలు మారాయని మాకు అర్థమైంది. ఇకపై సరిహద్దు మేమే కాచుకుంటాం. ఇన్నేళ్లు మీ పక్కన నిలబడ్డందుకు ఒక్కటే అడుగుతున్నాం. ఆసుపత్రి ఉంచండి. మా ఆడపిల్లలకు పని నేర్పి వెళ్లండి.' కింద నీ పేరే రాశారు నాన్నా."

ఛైర్మన్ కాగితం అందుకున్నాడు. తనకు రాని ఆ అక్షరాలను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇందులో ఒక్క మాట కూడా నేనన్నది కాదమ్మా."