ఆయన వంతు చరణం

హవాయి దీవుల్లోని ఓ కొండ అడవిలో పక్షులన్నీ ఏటా ఒకచోట చేరి, అసలైన దీవి పాటకి పెద్ద బహుమతి ఇచ్చేవి. ఆ ఏడు పోటీలో చివరికి రెండు పిట్టలే మిగిలాయి. ఒకటి, చెరకు తోటల్లో పురుగులు ఏరి తింటుందని మనుషులు ఓడలో తెచ్చిన గోరింక. రెండోది, ఆ అడవిలోనే పుట్టిన ముసలి నల్లపిట్ట. రెండూ పాడింది ఒకే పాట.

"నల్లపిట్టకే ఇవ్వాలి. ఆ పాట వాళ్ళ ముత్తాతలది," అంది బాతు.

"అయితే మాత్రం? ఒక చరణం పాడి, తర్వాతి చరణానికి నోరు మూసుకుంటోంది. గోరింక చూడు, గుక్క తిప్పుకోకుండా మొత్తం పాడేసింది," అంది గుడ్లగూబ.

తీర్పు కొంగమ్మ మీద పడింది. ఆవిడకి తిన్నగా సాగిపోయే పాటంటేనే ఇష్టం. బహుమతి గోరింకకి ఇచ్చేసింది.

కానీ మనసు ఊరుకోక నల్లపిట్ట కొమ్మ దగ్గరికెళ్ళింది. "మధ్యమధ్యలో ఎందుకమ్మా ఆగావు? ఆగకపోతే నీకే వచ్చేది కదా!"

"ఆ చరణాలు మా ఆయనవి కొంగమ్మా. మొన్న తుఫానులో పోయాడు. మా జాతిలో ఇంక నేనొక్కదాన్నే. ఆయన వంతు కూడా నేనే పాడేస్తే, ఆయన రాడని ఒప్పుకున్నట్టే కదా?"

మరుసటి ఏడు ఆ కొమ్మ మీద ఎవరూ లేరు. గోరింక మొదటి చరణం ముగించగానే కొంగమ్మ రెక్కెత్తి, "కాస్త ఆగు నాయనా," అంది. గోరింక ఆగింది. కొంగమ్మ మెడ సాచి, అడవి వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నది. ఎక్కడా ఎవరూ పలకలేదు.

"మధ్యలో ఆగింది. ఈసారి దీనికి బహుమతి లేదు," అంది గుడ్లగూబ.