కొండ దిగేముందు

"ఇంకోసారి ఊపమ్మా! ఇటు... అటు..." లారీ కిందనుంచి మామగారి గొంతు వినిపించింది.

కొత్త కోడలు బలమంతా కూడగట్టి స్టీరింగ్‌ని ఊపింది. రిపేరు షెడ్డుకు సామాన్ల కోసం మొగుడు బజారుకు వెళ్ళబట్టి ఈ భాగ్యం ఆమెకు దక్కింది. ఇంత ఎత్తున కూర్చుంటే వీధంతా తన సొంతమైనట్టే ఉంది. నవ్వాపుకోలేకపోయింది.

"నవ్వులాట కాదు చెల్లెమ్మా," అన్నాడు కింద నిలబడ్డ డ్రైవరు. "యాభై దాటితే ముందుభాగమంతా దడదడలాడుతోంది. స్టీరింగ్ నా మాట వినడం లేదు. ఈ బండితో సిమెంటు లోడు కొండ దించమంటాడు మా ఓనరు. వద్దంటే సాకులంటాడు. మేస్త్రిగారు ఒక్కమాట చెబితే ఆపేస్తాడు."

నిజమే. మామగారి మాటంటే ఓనర్లకు వేదవాక్కు. పైన ఒకరు స్టీరింగ్ ఊపుతుంటే, ఆయన కింద పడుకుని ఒక్కో జాయింటునీ పట్టి చూస్తాడు. గ్రీజూ మట్టీ పేరుకున్న చోట కళ్ళు చేసేదేం లేదు. వెంట్రుకవాసి కదలికున్నా మామగారికి ఇట్టే తెలిసిపోతుందని పెళ్ళికి ముందే ఆమె గొప్పగా విన్నది.

"మామయ్యా, స్టీరింగ్ బెత్తెడు తిప్పాకగానీ ముందుచక్రం కదలట్లేదు!"

"లారీ కదమ్మా, కారు కాదుగా. ఆ మాత్రం ఉంటుంది."

ఆయన పాక్కుంటూ బయటికొచ్చేసరికి అత్తగారు టీ తెచ్చింది. స్టీలు గ్లాసులు పొగలు కక్కుతున్నాయి. కోడలు కిందికి దిగి తన గ్లాసు కొంగుతో పట్టుకుంది. డ్రైవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. మామగారు గుక్కెడు తాగి తీర్పు చెప్పాడు.

"టైర్లు బాగున్నాయి. జాయింట్లన్నీ రాయిలా ఉన్నాయి. జబ్బు బండికి కాదురా, నీకు. బిడ్డ పుట్టాక ప్రాణం తీపెక్కింది!"

డ్రైవరు నవ్వలేదు. "నా చేతులకు తెలుస్తోంది మేస్త్రిగారూ."

"నీ చేతులది పదేళ్ళ అనుభవం. నా చేతులది ముప్పై అయిదేళ్ళది."

అత్తగారు ఏదో అనబోయి, ఖాళీ గ్లాసులు ఏరుకుంది.

మామగారు ఓనరుకు ఫోను చేశాడు. "బండి భేషుగ్గా ఉంది. పంపించేస్తున్నా."

డ్రైవరు తన అరచేతులవంక కాసేపు చూసుకున్నాడు. "భయమేనేమో చెల్లెమ్మా. కాపురం మనిషిని పిరికివాణ్ణి చేస్తుంది," అని ఎక్కి కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగి కొండదారి పట్టింది.

మామగారి చేతులమీద నీళ్ళు పోస్తున్న కోడలు కెవ్వుమంది. గ్రీజు వదిలాక చూస్తే చూపుడువేలు ఎముకదాకా చీరుకుపోయి ఉంది.

"మామయ్యా, రక్తం!"

"ఏదీ?" అన్నాడాయన.

అత్తగారు గబగబా గుడ్డ చింపి కట్టు కట్టింది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బయట ఎక్కడా అనకు తల్లీ, షెడ్డు మూతపడుతుంది."

"ఏం అనకూడదత్తయ్యా?"

"ఆ వేళ్ళకు స్పర్శ పోయి ఏడాదైంది."