నీళ్ల గడులు

సుక్కమ్మ అనే ముసలమ్మ సరాసరి వచ్చి మా లెక్క మధ్యలో కూర్చుంది.

నందికొండలో డ్యాం పక్క రేకుల షెడ్డు అది. నేలంతా సుద్దముక్కతో గడులు గీసి, ప్రతి గడిలోనూ వరదనీటి వేగం లెక్కకట్టి రాస్తున్నాం. ఇంజనీరింగ్ ప్రొఫెసర్ రామచంద్రం సారు తన ఉద్యోగకాలమంతా ఈ లెక్కకే ధారపోశాడు. లెక్కలు చేసే యంత్రం కావాలని ఏళ్లుగా మొత్తుకుంటే, పైవాళ్లు ఇచ్చింది ఈ షెడ్డునూ, శిష్యుడిగా నన్నూ. ఈ దేశంలో సైన్సుకు ఇంతే విలువా అని నా ఒళ్లు మండిపోతూనే ఉంది.

"లే అవ్వా! అంకెలన్నీ చెరిగిపోతున్నయి!" అని అరిచాను.

"జర ఆగు బిడ్డా, లొల్లి చెయ్యకు. గీ గడి నాకు రాయుండ్రి. పక్కది మా చెల్లెకు. డ్యాము నీళ్లల్ల మునుగుతాందని మా ఊరు ఖాళీ చేపిచ్చిన్రు. ఇండ్ల జాగలు గీడ్నే ఇస్తున్నరు గదా?"

సారు ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇవి ఇండ్ల జాగలు కావమ్మా. నీళ్లు ఎటు పోతయో చూసే లెక్క. ఈ గడులన్నీ నీళ్లవే."

సుక్కమ్మ ఆ మూల నుంచి ఈ మూల దాకా నేలంతా కలియజూసింది. కొంగు దులుపుకొని లేచింది.

"నీళ్లకు గిన్ని రాసిన్రు. మాకు ఒక్కటి రాయకపోతిరా సారూ?"