ముప్ఫైకి ఒకటి తక్కువ

ఆ ఆదివారం పోటీలో ఉపేందర్‌రావు ముప్ఫైకి ఒకటి తక్కువ ఆడాడు.

ఆయన ఈ రోజు కోసమే అయిదేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

కాగజ్‌నగర్‌లో దాన్ని పళ్లాల ఆట అని నవ్వుకునేవాళ్లు. ఆడేవాళ్లు మాత్రం డిస్కు గోల్ఫ్ అనేవాళ్లు. మైదానంలో గొలుసులు వేలాడే ఇనప బుట్టలు తొమ్మిది. చేతిలో ప్లాస్టిక్ పళ్లెం. ఎంత తక్కువ విసుర్లలో తొమ్మిదింటిలోనూ వేస్తే అంత గొప్ప.

మంచి ఆటగాడికి ముప్ఫై విసుర్లు పడతాయని క్లబ్బు బోర్డు మీద రాసి ఉంది. దాన్ని పార్ అంటారు. పోటీలో అంతకంటే తక్కువలో ముగించినవాడి పేరు క్లబ్బు గోడ మీద పెయింటుతో రాస్తారు.

క్లబ్బు పెట్టి ఎనిమిదేళ్లయినా గోడ ఖాళీగానే ఉంది.

ఉపేందర్‌రావు మూడుసార్లు కప్పు గెలిచాడు గానీ ముప్ఫై కిందికి ఎన్నడూ దిగలేదు. గోడ మీద పేరు కోసం తెల్లారకముందే లేచి సాధన చేసేవాడు.

"గంత పళ్లాల పిచ్చుంటె ఇంట్ల పళ్లాలన్న కడుగుండ్రి" అనేది భార్య ప్రమోదిని.

ఇప్పుడు ఇరవై తొమ్మిది వచ్చింది. అయినా సంతోషం లేదు.

జోడీగా ఆడిన ముసలాయన ఇరవై మూడు ఆడాడు మరి.

ఆయన పేరు ఫజలుద్దీన్. మేనకోడలి పెళ్లికని ఆదిలాబాద్ నుంచి వచ్చాడట. బయటివాళ్లు కూడా ఆడొచ్చని రూలుంది కాబట్టి పేరిచ్చాడు. అరిగిన చెప్పులు, వెలిసిన పైజామా. పెద్దగా చెయ్యి ఊపేవాడు కూడా కాదు. పళ్లెం పోయి బుట్టలో పడేది.

మొదటి బుట్ట దగ్గర ఉపేందర్‌రావు "వా" అన్నాడు.

మూడో బుట్ట దగ్గర ముఖం తిప్పుకున్నాడు.

అయిదో బుట్ట దగ్గర కడుపులో మంట మొదలైంది. ముసలాయనకు ఓ దగ్గుతెర వచ్చినా బాగుండును అనుకున్నాడు. చూడవచ్చిన జనమంతా ముసలాయన వెంటే నడుస్తున్నారు. తన వెనక ఒక్కడూ లేడు.

ఆట ముగిసింది. జోడీలో ఒకరి కార్డు మీద ఇంకొకరు సంతకం పెట్టాలి. సంతకం లేని కార్డు చెల్లదు.

ఫజలుద్దీన్ ఇరవై తొమ్మిది అని రాసి, సంతకం చేసి, కార్డును రెండు చేతులతో అందించాడు.

"ముబారక్ సాబ్! మోచెయ్యి జర కిందికుంచితే ఇంకో రెండు తగ్గుతయ్. రేపు పొద్దుగాల బండెక్కే ముందు చూపిస్త, వస్తరా?"

పుండు మీద కారం చల్లినట్టయింది.

"నాకు నేర్పెటోనివా నువ్వు?" అప్పటిదాకా 'మీరు' అన్న నోరే అది.

"నా కార్డు సాబ్?"

"ఆరో బుట్టకాడ నీ కాలు గీత దాటింది. నేను సంతకం పెట్ట."

ఫజలుద్దీన్ తెల్లబోయాడు. "మీరు చూసిన్రా?"

"చూసిన."

కొత్తగా వచ్చిన సెక్రటరీ అంబదాస్ నసిగాడు. "నేను ఆడనే ఉన్న రావు సాబ్, నాకైతే కనవడలే."

"నీకు కనవడకుంటె నేనేం జెయ్యాలె? నాకు కనవడ్డది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. అబద్ధమని ఆయనకూ తెలుసు, ముసలాయనకూ తెలుసు. కానీ రూలు ప్రకారం జోడీ మాటే చెల్లుతుంది.

ఫజలుద్దీన్ తన కార్డు వెనక్కి తీసుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. అది చూసి ఉపేందర్‌రావుకు ఒళ్లు ఇంకా మండింది.

"ఫికర్ లేదు సాబ్. ముసలికాలు, దాటిందో ఏమో" అని కార్డు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

కప్పు ఇచ్చారు. చప్పట్లు అంతంత మాత్రంగా మోగాయి.

సోమవారం పొద్దున ఎవరూ లేనప్పుడు ఉపేందర్‌రావు మోచెయ్యి కాస్త దించి విసిరి చూశాడు. పళ్లెం తిన్నగా పోయి బుట్టలో పడింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ విసరబుద్ధి కాక క్లబ్బు వైపు నడిచాడు.

అక్కడ క్లబ్బు పనులు చూసే హనుమండ్లు గోడ మీద ఆయన పేరు రాస్తున్నాడు. క్లబ్బు పెట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి హనుమండ్లు ఒక్కడే. నిన్న సెలవు మీద ఊరెళ్లి ఇప్పుడే వచ్చాడు.

"సార్, బల్ల మీద కార్డు చూసిన. గీ ఫజలుద్దీన్ పొట్టిగ, గడ్డంతోని ఉంటడా?"

"ఉంటడు. ఏమైంది?"

"అయితే మన ఫజలన్ననే! యాడున్నడు?"

"పొద్దుగాల బండికి పోయిండంట."

"అయ్యో, నిన్ననే నేను లేకపోతి!" హనుమండ్లు బ్రష్షు డబ్బాలో పెట్టేశాడు. "గీ బుట్టలన్నీ చేసింది ఆయనే సార్. ఏ బుట్టకు ఎన్ని విసుర్లు రాయాల్నో అప్పుడు ఎవ్వలకు తెల్వకపాయె. ఫజలన్న విసురుతుంటె చూసి బోర్డు రాసిన్రు. గా ఏడాదే ఆదిలాబాద్ పోయిండు."

ఉపేందర్‌రావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి నవ్వాడు.

"అంటె అప్పుడు ఆయనకు వచ్చింది ముప్ఫై. నాకు ఇరవై తొమ్మిది!"

"గట్ల కాదు సార్. మొదలు ఇరవై రెండే వచ్చినయ్. గంత తక్కువ రాస్తె గీ ఊళ్లె ఎవ్వలు ఆటకు రారని మళ్ల విసిరిండు."

హనుమండ్లు బోర్డు వైపు చూశాడు.

"గా ముప్ఫై ఆయన ఎడమచేత్తోని విసిరినయ్ సార్."