ముట్టని వస్తువు

ఆ ఆఫీసులో ముప్పై రోజులు ఎవరూ ముట్టని వస్తువును బల్లే మింగేస్తుంది. అందుకే హైమవతి రోజూ రాగానే కళ్లజోడు పెట్టె, రబ్బరు స్టాంపు, అమ్మ ఫొటో వరసగా ముట్టుకుని గానీ కూర్చోదు. మూడేళ్లుగా ఆమె బల్ల అద్దంలా ఉంటోంది. మంచి అలవాటని పై ఆఫీసరు కూడా మెచ్చుకున్నాడు.

సోమవారం వచ్చేసరికి ఎదురుగా వరహాలుగారు కూర్చునే చోట నున్నటి నేల తప్ప ఏమీ లేదు. కుర్చీ కూడా లేదు.

"ఆయనకి బదిలీ అయిందా?" అని టీ తెచ్చిన అప్పలనరసమ్మను అడిగింది.

"నేదమ్మా. ఈ నెల నుంచి బల్లల్లాగే గది కూడా సర్దుతోందట. ముప్పై రోజులై ఆయన్ని ఎవులూ ముట్టుకోనేదు మరి."

తనను ఎవరైనా ఎప్పుడు ముట్టుకున్నారో హైమవతి గుర్తుచేసుకోబోయింది. ఎంతకీ గుర్తు రాలేదు. ఈలోగా అప్పలనరసమ్మ, తను పనిలో చేరిన రోజున హైమవతే కచ్చితంగా చెప్పినట్టు, గ్లాసును బల్ల అంచున పెట్టి దూరంగా జరిగింది.

"అక్కడ పెట్టకే," అంటూ హైమవతి చెయ్యి చాపింది. "నా చేతికియ్యి."

అప్పలనరసమ్మ చేతులు అప్పటికే కొంగులోకి ముడుచుకున్నాయి.

"అలవాటైపోనాదమ్మా," అంది.